ఊదారంగు గోడా? అమ్మ ఒప్పుకోవడం లేదే!

ఈ వారం తారల కబుర్లు కాసేపు పక్కన పెడదాం. ఎందుకంటారా? కాకినాడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే నిజంగా ఉత్తరమే! రూళ్ల కాగితం మీద, నీలం సిరాతో, నిండుగా నాలుగు పేజీలు. ఈ రోజుల్లో ఫోనులో రెండు ముక్కలు కొట్టి పంపేవాళ్లే గాని ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి? అందుకే మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక ఊరుకోలేకపోయాను.

రాసిన అమ్మాయికి 24 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. నెలనెలా కొంచెం కొంచెం దాచి 40 వేలు కూడబెట్టింది. వాళ్లది పాత ఇల్లు. గోడలు రంగు మొహం చూసి పదేళ్లు దాటింది. ఆ డబ్బుతో ఇంటికి రంగులు వేయిస్తానంది. నాన్న మురిసిపోయాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంతవరకూ చక్కని కుటుంబకథా చిత్రం. అసలు కథంతా ఇంటర్వెల్ తర్వాతే!

ఈ అమ్మాయి ఎక్కడో ఒక 'క్విజ్' చూసిందట. పది ప్రశ్నలకు జవాబులు టిక్కు పెడితే మన మనస్తత్వం ఏ రంగో చెప్పేస్తుంది. ఈమెది ఊదా అని తేలింది. ఊదా రంగు మనుషులు కలలు కంటారట, లోతైన మనసట, పైకి నవ్వుతున్నా లోపల ఒంటరిగా ఉంటారట. అచ్చం నేనే అనుకుంది. పైగా ఈమధ్య చూసిన ఒక సినిమాలో హీరోయిన్ గది గోడలు కూడా ఊదా రంగేనట. ఇంకేం? హాలు నాలుగు గోడలకూ ఊదా వేయించాలని నిర్ణయం!

అమ్మ వినగానే, 'హాల్లో వంకాయ రంగేమిటే?' అంది. మాటా మాటా పెరిగింది. ఆఖరికి అమ్మ నోటి నుంచి ఒక మాట జారింది.

'రేపో మాపో పెళ్లయి వెళ్లిపోయేదానివి నువ్వు. ఆ గోడల మధ్య ఉండాల్సింది మేము.'

అంతే. తొమ్మిది రోజులైంది, తల్లీ కూతుళ్లకు మాటల్లేవు. 'డబ్బు నాదే, కష్టం నాదే, ఇల్లు మాత్రం నాది కాదా సార్? ఊదా రంగు నా పర్సనాలిటీకి సరిపోతుందా లేదా మీరే చెప్పండి' అని అడుగుతోంది ఆ అమ్మాయి.

చెల్లాయ్! (మా చెల్లెలికన్నా చిన్నదానివి, నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు.) ముందుగా నేనొక నేరం ఒప్పుకోవాలి. అలాంటి క్విజ్‌లు నేనూ రాశాను. 'మీకు నచ్చిన రంగును బట్టి మీరు ఏ హీరోయిన్‌లాంటివారు?' అని ఒక సాయంత్రం కూర్చుని, రెండు కప్పుల టీ తాగేలోపు పూర్తి చేసి, పారితోషికం తీసుకున్నాను. అందులో మనస్తత్వ శాస్త్రం ఎంత ఉందంటే, టీలో ఉప్పు ఉన్నంత!

మరి 'అచ్చం నేనే' అని నీకెందుకు అనిపించింది? దీని వెనక పెద్ద కథే ఉంది. 1948లో అమెరికాలో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరి చేతికీ ఒక్కో కాగితం ఇచ్చి, 'ఇది నీ మనస్తత్వం, ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వెయ్యి' అన్నాడు. సగటున 4కు పైగానే వేశారు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే! వీధి కొట్లో అమ్మే జాతకాల పుస్తకంలోంచి ఎత్తి రాసిన వాక్యాలవి. పైకి నవ్వుతూ లోపల ఒంటరిగా ఉండేవాళ్లు కానివాళ్లెవరు తల్లీ? మా పేపరు వేసే కుర్రాణ్ణి అడిగినా 'అవును, నేనే' అంటాడు.

రంగులతోనే మనసును చదువుతానన్నవాడు ఇంకొకడున్నాడు. స్విట్జర్లాండుకు చెందిన మాక్స్ లూషర్. 1947లో రంగు కార్డుల పరీక్ష ఒకటి పెట్టాడు. నచ్చిన వరుసలో కార్డులు పేర్చితే మనిషి గుట్టు చెప్పేస్తానన్నాడు. ప్రపంచమంతా దానికి బోలెడు పేరు వచ్చింది. తర్వాత పరిశీలించిన శాస్త్రవేత్తలకు మాత్రం అందులో పెద్దగా పస కనిపించలేదు. ఒక రంగు చూస్తే మనకు హాయిగా ఉండొచ్చు, ఇంకో రంగు చూస్తే చిరాకు కలగొచ్చు. అది నిజమే. కాని 'నువ్వు ఊదా మనిషివి' అని ముద్ర వేయడం మాత్రం నాలాంటివాళ్లు పొట్టకూటికి చేసే పని!

ఇక హీరోయిన్ గది సంగతి. ఇది మన ఇలాకా కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

స్టూడియోలో వేసే గది సెట్టుకు చాలాసార్లు మూడు గోడలే ఉంటాయి. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా, ట్రాలీ, పాతికమంది యూనిట్టు! పైకప్పు కూడా తరచు ఉండదు, లైట్లన్నీ అక్కడి నుంచే దిగుతాయి. అంటే గోడ ఎంత ముదురు రంగైనా ఆ లైట్ల ముందు అది మెరుస్తుంది. పోనీ ఆ రంగు హీరోయిన్ మనసు చూసి వేశారా అంటే అదొక్కటే కాదు. ఆ సీనులో ఆమె కట్టే చీర ఏ రంగు? హీరో చొక్కా ఏ రంగు? చీర గోడలో కలిసిపోకూడదు కదా! కళాదర్శకుడు, కెమెరామన్, కాస్ట్యూమ్స్ వాళ్లు ముగ్గురూ మాట్లాడుకుని వేసిన రంగది. షెడ్యూలు అయిపోగానే ఆ గోడ విప్పేస్తారు. ఆ గదిలో ఎవరూ పేపరు చదువుకోరు, బియ్యంలో రాళ్లు ఏరుకోరు.

ఇంకో గమ్మత్తు వినండి. ఇప్పుడు షూటింగు అయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని సినిమా మొత్తానికి రంగులు దిద్దుతారు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే అమెరికన్ చిత్రం ఇలా మొదటి నుంచి చివరి దాకా దిద్దిన తొలి చిత్రాల్లో ఒకటి. షూటింగ్ జరిగినప్పుడు మిసిసిపీ పరిసరాలు పచ్చగా కళకళలాడుతున్నాయి. దర్శకులకు కావలసిందేమో ఎండిపోయిన పాతకాలపు పసుపు. చెట్లనూ గడ్డినీ కంప్యూటరులో ఎండబెట్టేశారు! కనుక చెల్లాయ్, నువ్వు తెర మీద చూసిన ఊదా రంగు ఆ గోడ మీద నిజంగా ఉందో లేదో ఎవరు చెప్పొచ్చారు?

నలుపు తెలుపు సినిమాల కాలం ఈ విషయంలో మనకు గొప్ప పాఠం. 'మాయాబజార్' 1957లో వచ్చింది. గోఖలే, కళాధర్ వేసిన ఆ సెట్ల వైభవం, మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ మండపాల అసలు రంగులేమిటో అప్పటి ప్రేక్షకుడికి తెలియదు. 2010లో దానికి రంగులద్ది విడుదల చేసేదాకా ఒక్కొక్కరం మన మనసులో ఒక్కో రంగు వేసుకుని చూశాం. నలుపు తెలుపులో ఎరుపూ ఆకుపచ్చా కూడా ఒక్కోసారి ఒకే బూడిదరంగుగా కనబడతాయి. అందుకని ఆ కాలంవాళ్లు రంగు పేరు కన్నా అది లేతగా ఉందా, ముదురుగా ఉందా, ఎంత వెలుతురు తిప్పికొడుతుంది అన్నదే ముందు చూసుకునేవారు. 1963లో 'లవకుశ' మొదటి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రంగా వచ్చాక జనం రంగులు చూడటానికే మళ్లీ మళ్లీ వెళ్లారు. అప్పటి నుంచి రంగు మోజు మనల్ని వదల్లేదు. వెలుతురు సంగతే మర్చిపోయాం. మర్చిపోయినవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

చెప్పక తప్పదు, చెబుతాను.

మాది తెనాలి. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. 2016 జూన్‌లో నాకు ఒకేసారి రెండు మూడు చోట్ల నుంచి డబ్బు వచ్చింది. ఇంటి ముందు గదికి రంగు వేయిస్తానన్నాను. అంతకుముందే ఒక సినిమాలో హీరో గది చూసి ఉన్నాను. నెమలికంఠం నీలం! గోడకు గిటారు, పుస్తకాలు, మూలగా ఒక దీపం. అబ్బ, నేనంటే ఇదే అనుకున్నాను. రంగుల మేస్త్రీ కార్డు తెచ్చాడు. అందులో ఆ నీలం నా బొటనవేలంత ముక్క. 'బాబుగారూ, కార్డు మీద ఉన్నట్టు గోడ మీద ఉండదండి. ఓ మూల రెండడుగుల మేర వేసి రెండ్రోజులు చూద్దాం' అన్నాడు. ముప్పయ్యేళ్ల అనుభవం అతనిది. నేను వినలేదు. 'నీకు తెలియదులే మేస్త్రీ, ఇదే ట్రెండు' అన్నాను. ట్రెండు!

వేశాక మొదటి రోజు అద్భుతం. ఫోటోలు తీసుకుని హైదరాబాదు వెళ్లిపోయాను. మళ్లీ వచ్చింది సంక్రాంతికి. పొద్దున్నే లేచి చూస్తే నాన్న వరండాలో మఫ్లరు చుట్టుకుని, ఆ మంచులో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. ఆయన కుర్చీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ముందు గదిలో కిటికీ పక్కనే ఉండేది.

'ఇక్కడెందుకు నాన్నా, చలి కదా?' అన్నాను.

'ఇక్కడ గాలి బాగా వస్తుందిరా' అన్నారు.

జనవరిలో, మఫ్లరు చుట్టుకున్న మనిషికి గాలి కావాలట! నేను నమ్మేశాను చూడండి. వంటింట్లోకి వెళ్తే అమ్మ పాలు పొంగకుండా చూస్తూ, నా వైపు తిరక్కుండానే చెప్పింది. 'ఆయన కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. ఆ గదిలో అక్షరం కనబడటం లేదు. పగలు లైటు వేసినా చీకటిగానే ఉంటోంది. నీతో చెప్పొద్దన్నారు. వాడు ముచ్చటపడి వేయించుకున్నాడు, ఉండనీ అన్నారు.'

ఏడు నెలలు! ఏడాదికి పదిహేను రోజులు ఆ ఇంట్లో ఉండే నా పర్సనాలిటీ కోసం, 365 రోజులూ ఉండే మనిషి వరండా పాలయ్యారు.

తర్వాత ఒక కంటి డాక్టరుగారితో మాట్లాడితే తెలిసింది. ఇరవయ్యేళ్లవాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవయ్యేళ్లవాడికి చేరేది సుమారు మూడో వంతేనట. శుక్లం ఉంటే ఇంకా తక్కువ. లేత క్రీము గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా తిరిగి గదిలోకే పంపుతుంది. నా నెమలికంఠం నీలం పది పాళ్లు కూడా పంపదు, మిగతాదంతా మింగేస్తుంది. ఒక గోడ అయితే ఫరవాలేదు. నాలుగు గోడలూ అదే రంగైతే ఒకదాని నీలం ఇంకోదాని మీద పడి మరింత ముదురుతుంది. సెట్టులో లేని ఆ నాలుగో గోడ మన ఇంట్లో ఉందన్న సంగతి నేను లెక్క వేయలేదు, లెక్కల మాస్టారి కొడుకునై ఉండి!

మా నాయనమ్మ కాలంలో ఈ గొడవే లేదు. సంక్రాంతి ముందు సున్నం నానబెట్టేవారు. బట్టలకు అంటకుండా తుమ్మ బంక కలిపేవారు. తెల్లదనం తేలడానికి చిటికెడు నీలిమందు వేసేవారు. గోడ అడుగున జాజు పట్టీ, వానకు ఎగిరే బురద చుక్కలు అందులో కలిసిపోయేవి. మనిషి ముచ్చటంతా గడప మీదా, వాకిట్లో ముగ్గులోనూ కనబడేది. ఏడాది తిరిగేసరికి మళ్లీ వెల్ల వేసుకునేవారు కనుక గోడ రంగు మీద తల్లీ కూతుళ్లు మాటలు మానుకునేంత అవసరం పడలేదు. ఇప్పటి ఎమల్షన్ ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. పోట్లాటలూ అంతకాలం ఉంటున్నాయి!

'అంటే ఎవరి రంగు వాళ్లు వేసుకోకూడదా?' అంటావేమో. ఎందుకు వేసుకోకూడదూ! మెక్సికోలో ఫ్రీదా కాలో అనే చిత్రకారిణి ఉండేది. 2002లో ఆమె మీద 'ఫ్రీదా' అని సినిమా కూడా వచ్చింది, సాల్మా హాయక్ వేసింది. ఆమె ఇల్లు కొట్టొచ్చే నీలం. పేరే నీలం ఇల్లు, 'కాసా అసూల్'. 1958 నుంచి అది మ్యూజియం. ఇప్పటికీ జనం క్యూలు కట్టి చూస్తారు. ఆ నీలం ఆమెదే అంటే ఎవరూ కాదనరు. కాని ఫ్రీదా ఆ ఇంట్లోనే పెరిగి, 1954లో ఆ ఇంట్లోనే కన్నుమూసింది. 'రేపో మాపో వెళ్లిపోయేదానివి' అన్న మాట నీకు పడింది. అసలు నీకు మంట పుట్టించింది వంకాయ రంగు కాదు, ఆ మాట! అవునా?

దాని సంగతికి వస్తాను. ముందు పని చూద్దాం.

ఆ 40 వేలలో మొదటి ఖర్చు రంగు మీద పెట్టకు. మీది పాత ఇల్లు, ఊరు సముద్రం పక్కన. గోడల్లో చెమ్మ ఎక్కడుందో, పెచ్చు ఎక్కడ లేచిందో చూపించు. చెమ్మ ఆపకుండా వేసిన రంగు, అది ఊదా గానీ క్రీము గానీ, రెండు వానలకు పొరలు పొరలుగా లేచిపోతుంది. కొత్తగా సిమెంటు పూత వేసిన చోట నెల రోజులు ఆరనివ్వాలి. మేస్త్రీ తొందరపెట్టినా ఆగు.

తర్వాత షేడ్ కార్డు ఫోనులో ఫోటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడు. ఇది నేను 'మాయాబజార్' నుంచి నేర్చుకున్న చిట్కా! రంగుల పేర్లూ మోజులూ మాయమై, ఏది లేతో ఏది ముదురో తేలిపోతుంది. నీకు నచ్చిన ఊదా అందులో బొగ్గులా కనబడితే హాలుకు అది వద్దు. ఊదాలోనే లేతవి బోలెడున్నాయి. ఎంచుకున్న రెండు మూడిటిని చిన్న డబ్బాలు తెప్పించి, రెండడుగుల మేర గోడ మీద వేయించు. తెల్లవారాక చూడు, మధ్యాహ్నం చూడు, రాత్రి మీ ఇంట్లో వాడే లైటు కింద చూడు. పసుపుపచ్చ బల్బు కింద ఊదా మట్టికొట్టుకుపోయినట్టు ఉంటుంది, తెల్లటి లైటు కింద ఇంకోలా ఉంటుంది. మీ అమ్మను పిలవకు, ఊరికే అలా వదిలెయ్. ఆవిడే చూస్తుంది. ఆవిడ ఉల్లిపాయలు ఏ గోడ పక్కన కూర్చుని తరుగుతుందో, నాన్న పేపరు ఎక్కడ చదువుతాడో నువ్వు చూడు.

ముదురు రంగు తప్పనిసరి అంటే ఒక్క గోడకు వేసుకో, అదీ నీ గదిలో. కిటికీ ఉన్న గోడకు వద్దు, వెలుగంతా వెనక నుంచి రావడంతో అది ఉన్నదానికన్నా నల్లగా కనబడుతుంది. కిటికీ వెలుతురు నేరుగా పడే గోడ చూసుకో.

ఇక అమ్మ మాట.

నా నీలం గదిని 2017 వేసవిలో మళ్లీ మార్పించాను. అదే మేస్త్రీ. ఒక్క మాట అనలేదు, ఒక్క నవ్వు మాత్రం నవ్వాడు. నీలాన్ని కప్పడానికి ఒక కోటు ప్రైమరు, రెండు కోట్లు లేత నిమ్మపండు రంగు. నాన్న కుర్చీ కిటికీ పక్కకు తిరిగొచ్చింది. ఎలాగూ వచ్చారు కదా అని వెనక గదులు కూడా కానిమ్మన్నాను. వెనక గది మా చెల్లెలిది. పదో తరగతిలో ఉండగా తలుపులకు వేయగా మిగిలిన చిలకపచ్చ ఆయిల్ పెయింటుతో ఒక గోడంతా తనే వేసేసింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన రభస వేరే సినిమా! ఆ గోడ మీద సినిమా పత్రికల నడిమి పేజీ బొమ్మలు అంటించేది. పెళ్లయి పుణె వెళ్లిపోయి అప్పటికి ఐదేళ్లు. బొమ్మలు ఊడిపోయాయి, జిగురు మచ్చలు మాత్రం ఉన్నాయి.

మేస్త్రీ పుట్టీ డబ్బా పట్టుకుని ఆ గదిలోకి అడుగుపెట్టాడు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

'మూడు గోడలూ వెయ్యి. ఆ పచ్చ గోడ జోలికి పోకు' అంది.

'అసహ్యంగా ఉంటుందండి అమ్మగారూ, మచ్చలు...' అన్నాడతను.

'ఉండనీ' అంది అమ్మ.

చెల్లెలు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు ఆ గదిలోనే పడుకుంటుంది. మిగతా రోజుల్లో అమ్మ ఆ గదిలో అప్పడాలు ఆరబెడుతుంది.

ఆ రోజుల్లో చిలకపచ్చ మీద అందరికన్నా ఎక్కువ కేకలు వేసింది కూడా అమ్మే చెల్లాయ్. మీ అమ్మ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. తొమ్మిది రోజులంటే ఈ సంచిక నీ చేతికి వచ్చేసరికి పాతిక రోజులవుతుంది. షేడ్ కార్డు తీసుకెళ్లి వంటింట్లో ఆవిడ పక్కన పెట్టు. ఏ రంగు వేశారో నాకు ఫోటో పంపు. నలుపు తెలుపులో కాదు, రంగుల్లోనే!

వచ్చే వారం: 'సినిమాల్లో వాన పడుతుంటే హీరో వెనక మేడ మీద ఎండ ఎందుకు కాస్తుంది?' అని రాజమండ్రి పాఠకుడొకరు నిలదీశారు. ఆ వాన సంగతి చూద్దాం.